ఎనిమిదో బొమ్మ పేరు

ఆ బొమ్మకు పేరు పెట్టింది నేనే. ముందు ఈ మాట ఒప్పుకుని తర్వాత మిగతాది చెబుతాను. లేకపోతే సగం విన్నాక ఎవరో ఒకరు లేచి, "మరి నువ్వేం తక్కువ తిన్నావు సుజాతా" అంటారు. ఆ మాట పడేకంటే నేనే చెప్పుకోవడం మేలు.

రెండు వేల నాలుగు నాటి సంగతి. సారపాకలో పేపర్ మిల్లు గేటు దాటి భద్రాచలం వంతెన వైపు వెళ్తుంటే రోడ్డు మీదకే మా ఇల్లు. ముందు గదిలో నాది వీడియో గేమ్ షాపు. మా ఆయన రామన్నది మిల్లులో కాంట్రాక్టు పని. ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా అని మొదట కుట్టుమిషన్ అనుకున్నాను. మా వీధిలో అప్పటికే ఏడు మిషన్లు ఉన్నాయి, కుట్టించుకునేవాళ్లు మాత్రం ఏడుగురు లేరు. అందుకని ఖమ్మం నుంచి సెకండ్ హ్యాండ్‌లో మూడు టీవీలు, మూడు గేమ్ పెట్టెలు తెచ్చి పెట్టాం. ఆడది వీడియో గేమ్ షాపు నడపడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. సాయంత్రమయ్యేసరికి వాళ్ల కొడుకులే నా గుమ్మం ముందు చెప్పులు విడిచేవాళ్లు.

అందరూ ఆడేది ఒకటే సీడీ. కొట్లాట సీడీ. ఇద్దరు చెరో రిమోటు పట్టుకుని, చెరో బొమ్మను ఎంచుకుని తన్నుకోవాలి. అంతే కథ. మొత్తం ఎనిమిది బొమ్మలు. ఏడుగురు మగవాళ్లు, ఒక్కతే ఆడది. వాళ్ల అసలు పేర్లు తెర మీద ఏ దేశం లిపిలోనో ఉండేవి, మాలో ఎవరికీ చదవరాదు. అందుకని కుర్రాళ్లు తమకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. లావుపాటివాడు కాంట్రాక్టర్, కర్ర పట్టుకున్నవాడు వాచ్‌మన్, మీసాలవాడు లారీ డ్రైవర్, ఇట్లా. ఆడబొమ్మకు పేరు లేదు. "ఆడది" అనేవాళ్లు. ఎవడూ కోరి దాన్ని తీసుకునేవాడు కాదు. ఓడినవాడు తర్వాతి ఆట దానితోనే ఆడాలని వాళ్లలో వాళ్లకు ఒక కట్టుబాటు. అది వాళ్ల లెక్కలో శిక్ష.

నాకు మాత్రం అదే ఇష్టం. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు అన్నం తిని ఒక్కదాన్నే కూర్చుని ఆడేదాన్ని. దాని నడుము చూస్తే నవ్వొచ్చేది. ఇంత నడుములో పేగులు ఎక్కడ సర్దుకుందో తల్లి అనుకునేదాన్ని. కానీ అది కాలు లేపిందంటే కాంట్రాక్టర్ అయినా సరే వెల్లకిలా పడాల్సిందే. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కితే ఏ దెబ్బ పడుతుందో నెల రోజుల్లో కనిపెట్టాను. అందరికీ పనికొస్తుందని ఎనిమిది బొమ్మల దెబ్బలూ పాత క్యాలెండర్ వెనక రాసి గోడకు అంటించాలనుకున్నాను. కుర్రాళ్లు అప్పటికే నన్ను గురువులా చూస్తున్నారు. అబద్ధమెందుకు, గర్వంగానే ఉండేది.

ఆ చార్టు రాసేటప్పుడే జరిగింది. ఏడు పేర్లు రాశాను. ఎనిమిదో దగ్గర పెన్ను ఆగింది. "ఆడది" అని రాయబుద్ధి కాలేదు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లచ్చిరాం బిడ్డ గోరి పరిగెత్తుతూ వెళ్లింది.

లచ్చిరాం వాళ్లది తిరుమలాయపాలెం దగ్గర ఒక తండా. మిల్లులో వెదురు లారీలు దించే పనికి వచ్చి ఇక్కడే కిరాయికి ఉంటున్నారు. గోరికి పంతొమ్మిదేళ్లు, ఇంటర్ పాసైంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో పరిగెత్తితేనే ఆ ఉద్యోగం ముఖం చూడనిస్తారు. పొద్దున తల్లితో కలిసి జామాయిల్ నర్సరీలో పని కాబట్టి, సాయంత్రం ఐదింటికి మిల్లు గేటు నుంచి వంతెన దాకా ఉరికి వచ్చేది. మా రోడ్డు మీద ట్రాక్ ప్యాంటు వేసుకున్న ఆడపిల్ల ఆమె ఒక్కతే. మోచేతులు పక్కలకు ఆనించి, ఎవరి వంకా చూడకుండా పోయేది. ఆ పిల్లను చూస్తే నాకు కడుపు నిండేది. "గోరి లెక్క కాళ్లల్ల సత్తువ ఉన్నోడు మీల ఒక్కడన్న ఉన్నడారా? మన ఆడబొమ్మ గోరే," అని కుర్రాళ్లతో అన్నాను. ఎనిమిదో పేరు గోరి అని రాశాను. మెచ్చుకోలుగానే రాశాను, ఒట్టు.

వారం తిరక్కముందే సంగతి మారిపోయింది. సాయంత్రం షాపులో పన్నెండు మంది ఉంటే పన్నెండు మందీ అరిచేవాళ్లే. తలుపు తీసే ఉంటుంది, రోడ్డు నాలుగడుగుల దూరం.

"గోరి పడ్డది రా."

"గోరిని ఎత్తి కొట్టు."

"గోరికి ఎర్ర డ్రెస్సెయ్యి, గా చిన్నది."

ఆ బొమ్మకు రెండు జతల బట్టలుండేవి. రెండో జత మొదటిదాంట్లో సగం. ఒక బటన్ నొక్కితే మారేవి. నిన్నటిదాకా శిక్షగా తీసుకున్న బొమ్మ కోసం ఇప్పుడు పోట్లాడుకుంటున్నారు. దానితో ఆడటానికి కొందరు, దాన్ని కొట్టడానికి కొందరు. షాపు కిటకిటలాడింది. నేను కౌంటర్ దగ్గర కూర్చుని, బొమ్మే కదా, పిల్లలే కదా అని సర్దిచెప్పుకున్నాను. గోరి పోతున్నప్పుడు ఆ అరుపులు ఆమెకు వినబడతాయని నాకు తెలియదా అంటే, తెలుసు.

ఒకరోజు ఐదింటికి గోరి వస్తోంది. వెంకటకృష్ణ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్లు ఎర్రుపాలెం వైపు నుంచి వచ్చి ఇక్కడ మిర్చి వేస్తున్న రైతులు. వాడు డిగ్రీ చదువుతున్నాడు, నా షాపులో అందరికంటే బాగా ఆడతాడు. ఆమె గుమ్మం దాటగానే నవ్వుతూ, "గోరీ, ఇవాళ నిన్ను ఐదుసార్లు పడేశా," అన్నాడు. లోపల అందరూ నవ్వారు. పిల్ల వెనక్కి తిరిగి చూసింది. చూస్తూనే కంకర మీద కాలు పడి బోర్లా పడిపోయింది. లేచి, చిరిగిన మోకాలు పట్టుకుని తలుపులోంచి లోపలికి చూసింది. తెర మీద ఆ బొమ్మ, గోడ మీద నా చార్టు, పక్కన నేను. కుంటుకుంటూ వెళ్లిపోయింది. మర్నాడు ఐదింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖమ్మంలో పరుగు పరీక్షకు అప్పటికి ఐదు వారాలుంది.

నాలుగో రోజు లచ్చిరాం వచ్చాడు. వెంట బావమరిది దేవ్‌సింగ్. ఇద్దరి చేతుల్లోనూ వెదురు కర్రలు.

"నా బిడ్డ ఏది?" అన్నాడు లచ్చిరాం గుమ్మంలోనే.

కుర్రాళ్లు రిమోట్లు పడేసి గోడలకు అంటుకుపోయారు.

"ఇంట్ల లేదా అన్నా?" అన్నాను.

"ఇంట్ల లేదు. వెదురు యార్డుల అందరు అనబట్టిరి. నీ బిడ్డను వీడియో గేమ్ షాపుల రోజు కొడుతుండ్రట, ఎత్తి పడేస్తుండ్రట, బట్టలు గూడ మారుస్తుండ్రట అని. ఏడున్నది నా బిడ్డ? ఏం జేసిండ్రు?"

మమ్మల్ని తోసుకుంటూ లోపలి గదిలోకి పోయి మంచం కింద కూడా వంగి చూశాడు. ఇంకోచోట అయితే నవ్వేదాన్నేమో. ఆ రోజు నర్సరీలో పని ఆలస్యమై పిల్ల ఇంకా ఇల్లు చేరలేదు, అంతే. ఆయన ఇల్లు ఖాళీగా ఉండటం చూసి ఇటు పరిగెత్తుకొచ్చాడు. వెంకటకృష్ణ తెర వైపు చెయ్యి చూపించి, "అది బొమ్మండీ. బొమ్మ పేరు గోరి," అన్నాడు సన్నగా.

లచ్చిరాం కర్ర గోడకు ఆనించి టీవీ దగ్గరకు వచ్చాడు. ఎవరూ ఆడకపోయినా ఆ బొమ్మ ఊరికే నిలబడదు. నడుము తిప్పుతూ, గుండెలు ఎగరేస్తూ ఊగుతూ ఉంటుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"గిది గోరియా? నా బిడ్డ గిట్లుంటదా?"

మా వైపు తిరిగాడు.

"ఎవలు పెట్టిండ్రు పేరు?"

చెప్పాల్సింది అప్పుడే. నా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరు. "పోరలు పెట్టుకున్నరన్నా. తీపిచ్చేస్త," అన్నాను. కుర్రాళ్లంతా ఒక్కసారి నా వంక చూశారు. ఒక్కడూ కాదనలేదు. వాళ్లకున్నపాటి మర్యాద ఆ పూట నాకు లేకపోయింది.

"ఉరుకుడు బందు," అన్నాడు లచ్చిరాం, ఎవరితోనో కాదు, ఆ తెరతోనే అన్నట్టు. "పోలీసు నౌకరీ బందు. తండాకు తోలిస్త, పత్తి ఏరుకుంటది. ఇజ్జత్ పోయినంక నౌకరీ ఎందుకు?"

వాళ్లు పోగానే చార్టు చించేశాను. ఆ పేరు మళ్లీ వినబడితే ఒక్కొక్కడి వీపు విమానం మోత మోగిస్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మూడు రోజులు గొణుక్కుంటూ ఆడారు, నాలుగో రోజు మళ్లీ గోరే. చివరికి నాకో ఉపాయం తట్టింది. "సరే, దానికి నా పేరు పెట్టుండ్రి. సుజాత పడ్డది అనుండ్రి, సుజాతను ఎత్తి కొట్టుండ్రి," అన్నాను. కుర్రాళ్లు ముఖాలు చూసుకున్నారు. "నీ పేరెట్ల పెడతం అక్కా," అన్నారు. నేను పట్టుబట్టాను. ఏమైందంటారు, ఆ బొమ్మను ముట్టుకునేవాడే లేడు. ఎర్ర బట్టల ఊసే లేదు. ఒకడు పొరపాటున దాన్ని ఎంచుకుని, నాలుక కరుచుకుని మార్చుకున్నాడు. మందు దొరికిందని పొంగిపోయి గోరికి చెప్పడానికి వాళ్లింటికి పోయాను.

గోరి చేటలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది.

"నీ పేరు పెడితే సిగ్గైందా వాళ్లకు," అంది.

"అవ్. నన్ను అక్క అంటరు కదనే. అక్కను కొట్టబుద్ధి కాదు కదా."

"నేను వాళ్లకు అక్కను గాను, చెల్లెను గాను. రోడ్డు మీద ఉరికేదాన్ని. నన్ను కొట్టబుద్ధైతదా మరి?"

మందు మందు అని ఎగిరినదాన్ని అక్కడే చతికిలబడ్డాను.

"రేపు పగటీలి వస్త," అంది గోరి. "గా బొమ్మను నాకు సూపియ్యి. ఊరోళ్లందరు సూసిండ్రు, నేనే సూడలే."

మర్నాడు మధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. షాపులో నేను తప్ప ఎవరూ లేరు. రిమోటు చేతికిచ్చి బటన్లు చెప్పాను. ముందు మగ బొమ్మలను ఒక్కొక్కటీ చూపించమంది. ఏడుగురినీ శ్రద్ధగా చూసి, తర్వాత ఎనిమిదో బొమ్మను ఎంచుకుంది.

"వాచ్‌మన్ బూట్లేసుకున్నడు," అంది. "కాంట్రాక్టర్ అంగీ, ప్యాంటు ఏసుకున్నడు. గిదేందక్కా, ఎత్తు మడమల చెప్పులతోని తన్నుతది? గీ చెప్పులతోని నేను మిల్లు గేటు దాకా గూడ పోను."

ఆట మొదలైంది. బొమ్మకు దెబ్బ తగిలింది. గోరి రిమోటు ఆపి నా వంక చూసింది.

"లారీ డ్రైవర్‌కు తగిలితే గుర్రుమంటడు. గిదెందుకు గట్ల మూలుగుతది?"

ఆ మూలుగు నేను ఏడాదిగా రోజుకు వందసార్లు వింటున్నాను. ఆ పిల్ల పక్కన కూర్చుని విన్నప్పుడే అది ఎట్లాంటి మూలుగో తెలిసింది. నా చెవులు కాలిపోయాయి. లేచి సౌండు తగ్గించాను.

గోరికి ఆట తొందరగానే పట్టుబడింది. నాలుగోసారి గెలిచింది. గెలిస్తే మగ బొమ్మలు పిడికిలి ఎత్తుతారు. ఈ బొమ్మ వేలు పెదవి మీద పెట్టుకుని కన్ను కొడుతుంది.

"గెలిచింది కదా," అంది గోరి. "మల్ల ఎవలకు కన్ను కొడుతంది?"

"టీవీ ముందర కూసున్నోళ్లకు."

"పోరలకు," అని రిమోటు కింద పెట్టింది. మళ్లీ తనే అంది. "వాచ్‌మన్ అంటే సారపాకల ఇరవై మంది ఉన్నరు. లారీ డ్రైవర్ అంటే వంద మంది. గోరి అంటే నేనొక్కదాన్నే. మగోళ్లకేమో పని పేర్లు పెట్టిండ్రు, దీనికి నా పేరు పెట్టిండ్రు. నాయిన రోజు అడుగుతుండు. నువ్వేం చెయ్యకపోతే పోరలు ఊర్ల ఎవలి పేరు దొర్కనట్టు నీ పేరే ఎందుకు పెడతరు అని. ఏం చెప్పాలక్కా నేను?"

ఇంక దాచలేకపోయాను. "పోరలు కాదే. నేను పెట్టిన," అన్నాను. "నువ్వు ఉరుకుతుంటే మస్తుగుండె నాకు. మెచ్చి పెట్టిన."

గోరి తెర వంక చూసింది. ఆ బొమ్మ నడుము తిప్పుతూ ఊగుతోంది.

"నన్ను సూస్తే నీకు గిదే యాదికొచ్చిందా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నేను మాట కలపగలను. ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆ పిల్లే నన్ను ఓదార్చాల్సి వస్తుందని అదీ మింగేశాను. పెట్టె మూత తెరిచి సీడీ తీసి రెండు ముక్కలు చేయబోయాను. గోరి చెయ్యి పట్టుకుంది.

"ఇరగ్గొడితే గోరి వల్ల ఆట పోయిందంటరు. అది గూడ నా మీదకే వస్తది. నువ్వు నాయినకు చెప్పు. నలుగురి ముందల చెప్పు, చాలు."

రెండు గంటలకు మిల్లులో షిఫ్టు మారుతుంది. మర్నాడు ఆ వేళకు వెదురు యార్డు గేటు దగ్గరకు పోయాను. పాతిక మంది దాకా కూలీలు బయటకు వస్తున్నారు. లచ్చిరాంను ఆపి, అందరూ వినేట్టే చెప్పాను.

"అన్నా, నీకు అబద్ధం చెప్పిన. బొమ్మకు పేరు పెట్టింది పోరలు కాదు, నేను. నీ బిడ్డ ఏం చెయ్యలే. ఎవలి దిక్కు సూడలే, ఎవలితోని మాట్లాడలే. తప్పు నాది."

లచ్చిరాం భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు ఆడదానివి గాదా?" అన్నాడు.

"ఆడదాన్నే."

"నా బిడ్డ పేరు బజార్ల పడ్డది. నీదేం పోయింది? నీ షాపు నడుస్తనే ఉన్నది."

పక్క నుంచి దేవ్‌సింగ్ అందుకున్నాడు. "ఈమెను గూడ దాని ఎంట ఉరుకుమను బావా. గప్పుడు ఎర్కైతది." కూలీలంతా నవ్వారు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు, బస్సెక్కాలంటే ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి మోకాలికి ఆనించే శరీరం. లచ్చిరాం మాత్రం నవ్వలేదు.

"ఉరుకుతవా?" అన్నాడు. "నువ్వు దాని ఎంట ఉరికినన్ని దినాలు అది ఉరుకుతది. నువ్వు ఆగిననాడు తండాకు తోలిస్త."

"ఉరుకుత," అన్నాను. నోటిదురద ఎక్కువని మా అత్త ఊరికే అనదు.

పరీక్షకు మూడు వారాలుంది. ఐదింటికి, సరిగ్గా జనం కిక్కిరిసే వేళకు, షాపుకు తాళం వేశాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, మా ఆయన కాన్వాసు బూట్లు గుడ్డలు కుక్కి వేసుకుని గోరి పక్కన రోడ్డెక్కాను. కుర్రాళ్లు మా మెట్ల మీదే కూర్చున్నారు. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి వినబడింది.

"సుజాత పడ్తది సూడు రా."

అక్క పోయింది. గదిలో ఉన్నంతసేపే నేను అక్కను, రోడ్డు మీదికి వచ్చేసరికి సుజాతనయ్యాను. నా చేతి మంచినీళ్లు తాగినవాళ్లే, నేను బటన్లు నేర్పినవాళ్లే. వెనకే నవ్వు. అప్పటిదాకా నాకొక వీపుందని గుర్తే లేదు. ఇప్పుడు వీపు, నడుము, చీర కింద కనబడే పిక్కలు, అన్నీ బరువెక్కాయి. ఒంట్లో ఏ భాగం కదులుతున్నా అది వాళ్లకు కనబడుతోందని తెలుస్తోంది. తిరిగి నాలుగు బూతులు తిడదామని మెడ తిప్పబోయాను.

"ఎన్కకు తిరగకక్కా," అంది గోరి. "తిరిగితే పడ్తవు."

మొదటి రోజు సైకిల్ షాపు దాకా ఉరికి, అక్కణ్నుంచి నడిచాను. గోరి వంతెన దాకా పోయి వచ్చింది. రెండో రోజు కాళ్లు పట్టేశాయి. ఐదో రోజు జ్వరం. రామన్న పోవద్దన్నాడు, పోయాను. కోపమే నన్ను లాక్కుపోయింది. ఎవరి మీదా అంటే, సగం వాళ్ల మీద, సగం నా మీద.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో వెంకటకృష్ణ బండి మీద పక్కకు వచ్చాడు. వాడి ముఖంలో నవ్వు లేదు. "షాపు సాయంత్రం తియ్యక్కా," అన్నాడు. "మేం ఆడుకుంది బొమ్మతోనే కదా. మనిషినేం అనలేదుగా."

నాకు ఊపిరి అందడం లేదు. అయినా ఆగి చెప్పాను. "నేను గూడ గదే అనుకున్న రా. నీకంటే ముందల నేనే అనుకున్న. బండి దిగి మా ముందల ఉరుకు. నీ పేరు పెట్టి ఎన్క నుంచి ఒక్కపారి నవ్వుత, ఎట్లుంటదో సూడు."

వాడు దిగలేదు. కానీ ఆ మర్నాటి నుంచి మా మెట్ల మీద కనబడలేదు. మిగతావాళ్లు కనబడ్డారు. అరిచేవాళ్లు అరుస్తూనే ఉన్నారు, కొందరికి విసుగొచ్చి మానేశారు. గోరి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పేరు వినబడినప్పుడల్లా మెడ బిగుసుకునేది, భుజాలు పైకి లేచేవి, ఒక అడుగు పొట్టిదయ్యేది. పక్కనే ఉరికేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

పరీక్ష రోజు పొద్దున్నే ఖమ్మంలో పోలీసు గ్రౌండుకు చేరాం. నేను, లచ్చిరాం గ్రౌండు చుట్టూ కట్టిన తాడుకు ఇవతల నిలబడ్డాం. ఛాతీకి నంబర్లు కట్టుకుని ముప్పై మంది దాకా ఆడపిల్లలు గీత దగ్గర నిలుచున్నారు. విజిల్ ఊదారు. ఆరు చుట్లు తిరగాలి. మొదటి చుట్టు అయ్యేసరికి తాడు పక్కన ఉన్న తల్లులు, తండ్రులు, అన్నలు గొంతులు విప్పారు. "ఉరుకు కళమ్మా." "మంగా, ఇంకో ఐదు సుట్లే." గ్రౌండంతా ఆడపిల్లల పేర్లే.

మూడో చుట్టులో గోరి మా ముందుకు వస్తోంది. లచ్చిరాం నోరు తెరిచాడు. నేను ఆయన ముంజేయి గట్టిగా పట్టుకున్నాను.

"వద్దన్నా. పేరు పెట్టి పిలవకు. పేరు ఇనబడితే దానికి అడుగు తప్పుతది. నేను సూసిన."

ఆయన నా వంక చూసి నోరు మూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. అరవాలని గొంతు దాకా వచ్చిన మాటను పళ్ల మధ్య పట్టుకున్నాను. అందరి పిల్లలూ వాళ్ల పేర్ల మధ్య పరిగెత్తారు. మా పిల్ల ఒక్కతే ఆరు చుట్లూ ఏ పేరూ లేకుండా పరిగెత్తింది. పదిహేను నిమిషాల పది సెకన్లకు గీత దాటింది. నేను లచ్చిరాం చెయ్యి వదిలేసరికి నా వేళ్ల గుర్తులు పడి ఉన్నాయి.

గోరి రొప్పుకుంటూ తాడు దగ్గరకు వచ్చింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీరెందుకు పిలవలే?" అంది.

"నీకు పేరు ఇనబడితే..." అని ఆగాను.

"అందరోళ్లు పిలిచిండ్రు. సుట్టు సుట్టుకు మీ కాడికి వస్తుంటి. ఇప్పుడు పిలుస్తరు, ఇప్పుడు పిలుస్తరు అని సూస్తుంటి." ముఖం మీది చెమట చేత్తో తుడుచుకుంది. "నా పేరు గా పోరలకే ఇచ్చేసినవా అక్కా?"

లచ్చిరాం తల దించుకున్నాడు. ఆయన తప్పేం లేదు, నోరు మూయించింది నేను. పెట్టినప్పుడూ ఆ పిల్లను అడగలేదు, మూసినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ మంచికే అనుకున్నాను.

మైకులో లాంగ్‌జంప్‌కు నంబర్లు చదువుతున్నారు. గోరి వెనక్కి నడిచి వరసలో నిలబడింది. ముందు ఇద్దరు దూకారు. ఆమె వంతు వచ్చింది. గీత దగ్గరకు పోయే ముందు మా వైపు చూసింది.

"గోరీ," అని లచ్చిరాం పిలిచాడు. గొంతు జీరపోయి సగమే వచ్చింది. మళ్లీ పిలిచాడు, ఈసారి గ్రౌండుకు అవతలి పక్క ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. నేనూ తాడు మీదికి వంగి, ఉన్న బలమంతా పెట్టి "గోరీ, ఉరుకు బిడ్డా" అని అరిచాను. పిల్ల భుజాలు పైకి లేవలేదు. ఉరికింది. మేమిద్దరం ఆమె ఇసుకలో పడేదాకా అరుస్తూనే ఉన్నాం.